పక్కన పెట్టిన ఆరు చీటీలు

నేను కడపలో ఆడవాళ్ళ ట్రైనింగు స్కూల్లో చేరేనాటికి ఆంధ్ర రాష్ట్రం వచ్చి ఏడాది దాటింది. మాది కోడుమూరు పక్కన పల్లె. రాజధాని కర్నూలు మాకు ఒక పూట ప్రయాణం. దాన్ని దాటుకుని, ఇంకో బస్సెక్కి, పొద్దుగూకేదాకా దుమ్ములో కూర్చుని కడపకు వెళ్ళి చదువుకోవలసి రావడం మా అమ్మకు అర్థమయ్యేది కాదు. "రాజధాని దగ్గిర పెట్టుకొని ఆ పక్కకు పోతావేందే" అనేది. సీటు అక్కడ వచ్చిందని చెప్పినా, సీటు అంటే కూర్చునేది కదా, ఈడ కూర్చుంటే కాదా అన్నట్టు చూసేది.

మా స్కూలు ఒక వ్యాపారి అద్దెకిచ్చిన పాత ఇంట్లో ఉండేది. కింద క్లాసులు, పైన ఐదు గదుల్లో మేము నలభై ఒక్కమంది. నేల నల్లరాతి బండలు. మధ్యాహ్నం కాళ్ళు కాలేవి. నా పక్క పరుపు ఆత్మకూరు నుంచి వచ్చిన ఒక ముస్లిం అమ్మాయిది. వాళ్ళ నాయన అక్కడ దర్జీ. ఇంట్లో తురకం మాట్లాడుకున్నా ఆమె తెలుగు మా అందరికంటే బాగుండేది. పద్యం చదివితే వంటామె కూడా గరిటె ఆపి వినేది. నాకు లెక్కలు రావు, ఆమె చెప్పేది. ఆమెకు వేయించిన చెనిక్కాయలు రోట్లో నూరి చేసే ఊరిబిండి పచ్చడి ఇష్టం. మా అమ్మ పంపిన డబ్బాలో సగం ఆమెదే. మూడు నెలల్లోనే ఒకరి జడ ఒకరం వేసుకునేంత దగ్గరయ్యాం.

మా హెడ్మిస్ట్రెస్‌ను అమ్మగారు అనేవాళ్ళం. బందరు వైపు మనిషి, మద్రాసులో చదివారు. రాష్ట్రంలో మళ్ళీ ఎన్నికలు వస్తాయని అందరూ చెప్పుకుంటున్న రోజులవి. టీచర్లయ్యాక మీరంతా పోలింగు పనికి పోవలసినవాళ్ళు, ఎన్నిక అంటే ఏమిటో చేసి చూడాలి అని ఒకరోజు ఆమె అన్నారు. ఆమె చేతిలో ఎవరి దగ్గరో తెచ్చుకున్న లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉంది. అందులోంచి ఒక అధ్యాయం చదివి తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు. నూటయాభై ఏళ్ళ కింద అమెరికాలో, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక రాష్ట్రంలో గవర్నరు పదవికి జరిగిన ఎన్నిక అది.

మొదటి మాటకే మాకు అయోమయం పట్టుకుంది. గవర్నరుకు ఎన్నిక ఏమిటి? మా గవర్నరు కర్నూలులో ఉన్నాడు. ఆయన్ను ఢిల్లీ వాళ్ళు పంపారు. ఎన్నికల్లో గెలిచేది మంత్రులు. ఎన్నుకున్నవాడు గవర్నరెట్లా అవుతాడు?

"అక్కడ మంత్రి లాంటివాడే గవర్నరు" అన్నారు అమ్మగారు.

"అయితే అక్కడ మంత్రులను ఎవరు పంపుతారండీ?" అని ప్రొద్దుటూరు నుంచి వచ్చిన అమ్మాయి అడిగింది.

అమ్మగారు పుస్తకం పేజీలు తిరగేసి, అది తర్వాత చెప్తానన్నారు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

అక్కడ గవర్నరు ఎన్నిక ఏడాదికొకసారి జరిగేదట. ఆస్తి ఉన్న మగవాళ్ళకే ఓటట. ఊరి జనమంతా ఒక పెద్ద హాల్లో చేరి, తమకు కావలసిన మనిషి పేరు కాగితం మీద రాసి ఇచ్చేవాళ్ళట. వచ్చిన చీటీలలో సగానికి మించి ఒకరికి రావాలట. రాకపోతే ఊళ్ళ తరఫున శాసనసభలో కూర్చున్నవాళ్ళు తేలుస్తారట.

"ఆడోళ్ళకు ఓటు లేకుంటే ఆ పొద్దు ఆడోళ్ళు యాడుండిరి?" అని మా గదిలోంచి ఎవరో అడిగారు.

"ఇళ్ళలో" అన్నారు అమ్మగారు.

అచ్చం అట్లాంటి ఎన్నికే మా స్కూల్లో పెడతామన్నారు. ఒక్కో గది ఒక్కో ఊరు. ఊరికొక సభ్యురాలు. మేమంతా ఆస్తి ఉన్న మగవాళ్ళమని అనుకోవాలి. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. రాయచోటి నుంచి వచ్చిన ఒక పిల్లకు ట్రంకుపెట్టె లేదు, గుడ్డ మూట ఒక్కటే. "నాకేం ఆస్తి ఉండాది, నాకు ఓటు లేదు కదా" అని ఆమె నిజంగానే బాధగా అడిగింది. ఆమెకు నచ్చచెప్పేసరికి అమ్మగారికి చెమటలు పట్టాయి. చివరికి ఆ రూలు ఒక్కటి తీసేశాం అన్నారు. ఒక రూలు తీసెయ్యగలిగితే ఏ రూలు ఉంచాలో, ఏది తియ్యాలో ఎవరు చెప్పాలి అన్నది అప్పుడు మాకు తోచలేదు.

ఆట ఆటగానే ఉంటే ఇంత గుర్తుండేది కాదు. గెలిచినామెను కర్నూలుకు పంపుతామని అమ్మగారు అన్నారు. అక్కడ కొత్త రాష్ట్రంలోని ఆడవాళ్ళ స్కూళ్ళన్నిటికీ ఒక సభ జరగబోతోంది. మా స్కూలు తరఫున వేదికెక్కి నాలుగు మాటలు మాట్లాడాలి. గవర్నరు గారు కూడా రావచ్చునని అన్నారు. ఆ మాటతో గదుల్లో గుసగుసలు మొదలయ్యాయి.

ఇద్దరు నిలబడ్డారు. ఒకరు కడపలోనే ఒక ప్లీడరు గారి కూతురు. ఇల్లు ఊళ్ళోనే ఉన్నా, క్రమశిక్షణ రావాలని తండ్రి హాస్టల్లో పెట్టాడు. మంచి పిల్ల. ఇంగ్లీషు వచ్చు, గట్టిగా మాట్లాడగలదు. రెండోది మా ఆత్మకూరు అమ్మాయి. ఆమె తనంతట తాను నిలబడలేదు. ఆదోని నుంచి వచ్చిన ఒక పెద్దామె నిలబెట్టింది. ఆమెను అందరం ఆదోని అక్క అనేవాళ్ళం. చిన్నవయసులో భర్త పోయి, ముప్పై దాటాక చదువుకు వచ్చిన మనిషి. ఆమె ఒక మాటంటే మేము ఎదురు చెప్పేవాళ్ళం కాదు.

"పద్యం చదివితే నువ్వే చదవల్ల. కర్నూల్లో మన స్కూలు పేరు నిలబడల్ల. నిలబడు" అంది ఆదోని అక్క.

ఎన్నిక ముందు ఇద్దరూ మాట్లాడారు. నీళ్ళ బావి దగ్గర గిలక మార్పిస్తానని, స్నానాలకు వంతులు సరిగ్గా పెడతానని ప్లీడరు గారి అమ్మాయి చెప్పింది. గవర్నరుకు, గిలకకు సంబంధమేమిటో తెలియకపోయినా అందరం చప్పట్లు కొట్టాం. ఆత్మకూరు అమ్మాయి లేచి, "నేను మార్పిస్తానని చెప్పను. ఓనరు మార్చల్ల. పోయి అడుగుతా. పది తూర్లు అడుగుతా" అని కూర్చుంది. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే ఆమె గెలుస్తుందని నాకు అర్థమైంది.

మా గది సభ్యురాలిగా నన్ను పెట్టారు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని చీటీలు లెక్కపెట్టి రాసే పని కూడా నాకే ఇచ్చారు.

ఓట్లు వేసింది ఒక శనివారం పొద్దున. కింది హాల్లో బల్లమీద మూత తీసిన బియ్యం డబ్బా పెట్టాం. ఒక్కొక్కరు వచ్చి, గోడవైపు తిరిగి పేరు రాసి, మడిచి వేశారు. తర్వాత అందరినీ పైకి పంపి, ఐదు గదుల సభ్యులం ఐదుగురం చీటీలు విప్పాం. అమ్మగారు కిటికీ దగ్గర కూర్చుని మేము చేసేది చూస్తున్నారు. మధ్యలో కలగజేసుకోనని ముందే చెప్పారు.

ప్లీడరు గారి అమ్మాయిది రెండక్షరాల పేరు. దాన్ని తప్పు రాయడం చేతకాని పని. పదహారు చీటీలు ఆమెవి. ఒకటి ఖాళీ. ఒకదాని మీద ఎవరో అమ్మగారి పేరే రాశారు. మిగిలిన ఇరవై మూడూ మా ఆత్మకూరు అమ్మాయికి వేసినవేనని చూడగానే తెలిసిపోయింది. కానీ ఆమె పేరు పొడుగు. నోటితో పలికేటప్పుడు మనం మింగేసే అక్షరాలు అందులో రెండున్నాయి. చివర బీ అని ఉంటుంది. హాజరుపట్టీలో ఉన్నట్టు పదిహేడు చీటీలు ఉన్నాయి. ఆరు అట్లా లేవు.

రెండింటిలో బీ బదులు బేగం అని రాశారు. ఒకదాంట్లో సగం పేరే ఉంది. ఒకదాంట్లో ఒత్తు తప్పి అర్థమే మారిపోయింది. ఒకదాని మీద 'ఆత్మకూరు బూబమ్మ' అని ఉంది. ఆరోది ఉర్దూలో ఉంది. మా స్కూల్లో ఉర్దూ తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు నిలబడిన ఆత్మకూరు అమ్మాయి. రెండోది కర్నూలు పాతబస్తీ నుంచి వచ్చిన ఒక చిన్నపిల్ల. ఆ చీటీ రాసింది ఆ పిల్లే అయ్యుండాలి. బహుశా ఆరింటిలోనూ తప్పులేకుండా రాసింది ఆ చీటీలోనే. మాలో ఎవరికీ చదవడం రాకపోయినా, ఆ పిల్ల ఎవరి పేరు రాసి ఉంటుందో అందరికీ తెలుసు.

ప్రొద్దుటూరు అమ్మాయి ఒక గది సభ్యురాలు. ప్లీడరు గారి అమ్మాయి పక్షం. ఆమె వెంటనే పట్టుకుంది. "అమ్మగారు చెప్పిన పుస్తకంలో ఇదే ఉండాది కదా. అక్షరం తప్పు పోయిన ఓట్లు లెక్కలోకి తీసుకోకూడదని ఆ శాసనసభ వాళ్ళన్నారంట. బేగం అంటే ఎవురో? బూబమ్మ అంటే ఎవురో? మన దగ్గిర బూబమ్మలు ఇద్దరుండారు."

నిజమే, అమ్మగారు ముందురోజు అంతవరకూ చెప్పారు. ఆ అమెరికా ఎన్నికలో గవర్నరు పేరు జనం రకరకాలుగా రాశారట. ఆయనకు సగానికి కాస్త మించి వచ్చాయట. శాసనసభలో ఎక్కువమంది ఆయనకు పడనివాళ్ళట. అక్షరాలు తారుమారైన చీటీలు వేరే మనిషివని, వాటిని తీసేస్తే ఆయనకు సగం దాటలేదని వాళ్ళు వాదించారట. అక్కడికి గంట కొట్టారు. మిగతాది సోమవారం అన్నారు.

"రాసినోళ్ళ మనసులో ఎవురుండారో మనకు తెలీదా?" అంది ఇంకో గది సభ్యురాలైన ఆదోని అక్క. "ఇది ఓటా, డిక్టేషనా?"

ఇద్దరు తీసెయ్యాలన్నారు. ఇద్దరు ఉంచాలన్నారు. నలుగురూ నావైపు తిరిగారు.

నాకు అప్పుడు మా అమ్మ గుర్తుకొచ్చింది. మొదటి ఎన్నికలకు ముందు ఓటర్ల పట్టీ రాసుకునేవాడు మా వాకిట్లోకి వచ్చి పేరడిగాడు. మా అమ్మ తలుపు చాటునుంచి, ఈ ఇంటి కోడలని రాసుకో అంది. మొగుడి పేరూ చెప్పలేదు, తన పేరూ చెప్పలేదు. ఇంటి అరుగు మీద కూర్చున్న మా పెదనాయనను చూపించి, ఆయన తమ్ముని భార్యనని మాత్రం చెప్పింది. అతడు నవ్వి ఏదో రాసుకుపోయాడు. తర్వాత పట్టీ వస్తే అందులో మా అమ్మ లేదు. పేరు చెప్పని ఆడవాళ్ళనందరినీ తీసేశారని తెలిసింది. మా అమ్మ బాధపడలేదు. నేను ఏడ్చాను. పేరు సరిగ్గా ఉంటేనే మనిషి ఉన్నట్టు అని ఆరోజు నా మనసులో బలంగా నాటుకుంది.

కారణం అదొక్కటే అంటే అబద్ధమవుతుంది. నేను ఆత్మకూరు అమ్మాయి పక్క పరుపు మనిషిని. ఆ చీటీలు ఉంచితే పక్షపాతం చేశానంటారని భయమేసింది. ప్రొద్దుటూరు అమ్మాయి చూపులో అది అప్పుడే కనిపిస్తోంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆమె పేరు తప్పు రాసినవాళ్ళ మీద నాకు కోపం వచ్చింది. ఆమెతో నాలుగు నెలలు ఒక బావి నీళ్ళు తాగి, ఆమె పేరు సరిగ్గా తెలుసుకోలేదే అని. ఆ కోపం ఎవరి మీద పోతుందో ఆలోచించలేదు.

అన్నిటికంటే ముఖ్యంగా, నాకొక దారి కనబడింది. చీటీలు పక్కన పెట్టినా నష్టం లేదు. నలభై ఒక్క చీటీలకు ఇరవై ఒకటి రావాలి. పదిహేడే వచ్చాయి కాబట్టి ఎవరూ గెలిచినట్టు కాదు. అప్పుడు మేం ఐదుగురమే తేల్చాలి. ఆదోని అక్క, ఇంకొకరు ఆత్మకూరు అమ్మాయి వైపే. నేను కలిస్తే ముగ్గురం. రూలూ నిలుస్తుంది, ఆమే గెలుస్తుంది, నన్నూ ఎవరూ ఒక మాట అనరు. ఇంత తెలివి నాకు ఎక్కణ్నుంచి వచ్చిందా అని లోపల సంతోషపడ్డాను కూడా.

"పట్టీలో ఉన్నట్టు లేనివి పక్కన పెడదాం" అన్నాను.

ఆదోని అక్క నన్ను కాసేపు చూసింది. ఆరు చీటీలూ మడిచి బల్ల చివర పెట్టాను.

తర్వాత అమ్మగారు చెప్పినట్టు ఒక్కొక్కరం నోటితో పేరు చెప్పాం. నేను రాసుకునేదాన్ని కాబట్టి నా వంతు చివర. ప్రొద్దుటూరు అమ్మాయి ప్లీడరు గారి అమ్మాయి పేరు చెప్పింది. రెండో ఆమె కూడా అంతే. మూడో ఆమె ఆత్మకూరు అమ్మాయి పేరు చెప్పింది. నాలుగో వంతు ఆదోని అక్కది. ఆమె గొంతు సవరించుకుని ప్లీడరు గారి అమ్మాయి పేరు చెప్పింది.

తప్పు విన్నాననుకున్నాను. కలం ఎత్తి, "ఎవరు?" అన్నాను. ఆమె అదే పేరు మళ్ళీ చెప్పింది. ముగ్గురైపోయారు. నా ఓటుకు ఇక పని లేదు. అయినా ఆత్మకూరు అమ్మాయి పేరు చెప్పి, నా చేతులతో నేనే రాసుకున్నాను.

ఆదోని అక్క చటుక్కున నావైపు తిరిగింది. "అదేందే? నువ్వు ఆ పిల్లకే వేస్తివా?"

"మరి ఎవరికి వేస్తాననుకున్నావక్కా?"

"పక్కన పండుకునే దానివి. ఆ పిల్ల ఓట్లు నువ్వే తీసి పక్కన పెడితివి. నాకు తెలీనిదేదో నీకు తెలిసి ఉండాదనుకుంటి. వాళ్ళింట్లో ఒప్పుకోరనో, ఆ పిల్లకే ఇష్టం లేదనో. లేకుంటే నువ్వట్ల చేస్తావా?"

అమ్మగారు కిటికీ దగ్గర్నుంచి లేచి వచ్చి, "బాగా చేశారు. నిజమైన ఎన్నికలో కూడా ఇంత గందరగోళం ఉంటుంది" అన్నారు. ఆమెకు నిజంగానే ఆనందంగా ఉంది. పేర్లు ఇంకోసారి చెప్పుకుందామా, ఇది మా పొరపాటు అని అడగాలని నాకు నోటిదాకా వచ్చింది. పొరపాటు ఏమిటో చెప్పాలి కదా. రూలు ప్రకారం చెయ్యడం పొరపాటా? ఆదోని అక్క నన్ను నమ్మడం పొరపాటా? నేను తేల్చుకునేలోపు ప్రొద్దుటూరు అమ్మాయి మెట్లెక్కి పైన అందరికీ చెప్పేసింది.

పైన ఎవరూ గట్టిగా నవ్వలేదు, ఏడవలేదు. చాలామందికి ఏం జరిగిందో అర్థం కాలేదు. "ఆత్మకూరామెకు ఎక్కువొచ్చినాయి, కానీ గెలవలేదంట" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. "అట్లెట్ల?" "అమెరికాలో అంతేనంట." ఉర్దూలో రాసిన చిన్నపిల్ల వచ్చి, "నేను రాసింది చదివినారా అక్కా?" అని నన్నడిగింది. చదివాం అన్నాను. ఆ పిల్ల సంతోషంగా వెళ్ళిపోయింది. ఎన్నిక మొత్తం మీద నేనాడిన పచ్చి అబద్ధం అదొక్కటే.

ఆత్మకూరు అమ్మాయి పరుపు మీద కూర్చుని రవిక కుట్టుకుంటోంది. నేను పక్కన కూలబడి జరిగిందంతా చెప్పాను, నా తెలివితో సహా. ఆమె దారం పంటితో తెంపింది.

"నా పేరు అంత కష్టంగా ఉండాదా?" అంది.

ప్లీడరు గారి అమ్మాయి కర్నూలులో చదవవలసిన ప్రసంగాన్ని మరునాడు ఆత్మకూరు అమ్మాయే దిద్దిపెట్టింది. పద్యం ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నేర్పించింది. నేను అక్కడే కూర్చుని చూశాను. నాతో మాట్లాడ్డం మానలేదు. అది నాకు ఇంకా కష్టంగా ఉండింది. కోపం చూపిస్తే ఏదో ఒకటి తెలిసేది.

సోమవారం అమ్మగారికి జ్వరం. మిగతా పాఠం జరగలేదు. వారం చివర, తీసుకొచ్చిన పుస్తకం తిరిగి ఇవ్వాలి, అట్ట నలిగింది, కాగితం వేసి తీసుకురా అని నాకు ఇచ్చారు. నాకు వచ్చిన కాస్త ఇంగ్లీషుతో ఆ అధ్యాయం వెతికి, పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివాను. రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఆ శాసనసభ వాళ్ళు చీటీలు తీసేద్దామని మొదలుపెట్టిన మాట నిజమే. అయితే ఆ సంగతి బయటికి పొక్కి జనం గోల చేశారట. ఇది అన్యాయమని అన్ని ఊళ్ళలో మాట్లాడుకున్నారట. దాంతో వాళ్ళు వెనక్కి తగ్గి, తప్పు రాసిన ఓట్లు కూడా ఆయనవేనని ఒప్పుకుని, ఆయన్నే గవర్నరుగా ప్రకటించారట.

నేను ఆ పేరాను మూడుసార్లు చదివాను, నా ఇంగ్లీషు తప్పేమోనని. ఆస్తిపాస్తులున్న మగవాళ్ళు, ఒకరంటే ఒకరికి పడనివాళ్ళు, వాళ్ళు కూడా చివరికి చెయ్యని పని మేము చేశాం. పైగా ఆ పని చేసింది ఆమెకు ప్రాణమిచ్చే నేను.

పుస్తకం పట్టుకుని అమ్మగారి దగ్గరకు పోయి ఆ పేజీ చూపించాను. ఆమె మంచంలో లేచి కూర్చుని, కళ్ళద్దాలు పెట్టుకుని నిదానంగా చదివారు. "నేనూ ఇంతదాకా రాలేదమ్మా. ముందే చదివి ఉండవలసింది" అన్నారు. ఆమె ముఖం చూస్తే జాలేసింది. "ఆ అమ్మాయిని పిలు. మళ్ళీ ప్రకటిస్తాను. ఇంకా వారం ఉంది."

పరుగెత్తుకుంటూ మేడెక్కాను. ఆత్మకూరు అమ్మాయి అంతా విని తల అడ్డంగా ఊపింది. "ఆ పిల్ల ప్రసంగం అంతా బట్టీ పట్టింది. కొత్త చీర కొనుక్కుంది. ఇప్పుడు వద్దంటే ఎట్లుంటాది ఆమెకు? గమ్మునుండు."

"నీకు పోవాలని లేదా?"

"గమ్మునుండు అంటి కదా."

ప్లీడరు గారి అమ్మాయి కర్నూలు వెళ్ళి రెండో రోజు తిరిగొచ్చింది. కొత్త చీరనిండా ఎర్రదుమ్ము. గవర్నరు గారు రాలేదట. వేదిక మీద పెద్దవాళ్ళు మాట్లాడేసరికే పొద్దుపోయిందట. స్కూళ్ళ తరఫున ఎవరినీ పిలవలేదట. షామియానా కింద కూర్చోబెట్టి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టి పంపారట. "నేను మాట్లాడతానని చీటీ పంపినాను. వాళ్ళు నా పేరు సరిగ్గా చదవలేదో ఏమో" అంది నీరసంగా. రెండక్షరాల పేరు. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆదోని అక్క ఆమెకు నీళ్ళు తోడి పెట్టింది.

ట్రైనింగు అయ్యాక తలో దిక్కు వెళ్ళాం. నాకు కోడుమూరు దగ్గరే ఉద్యోగం వచ్చింది. ఆత్మకూరు అమ్మాయికి రాయచోటిలో వేశారు. ఉత్తరాలు రాసుకునేవాళ్ళం. జీతం, పిల్లలు, వానలు లేకపోవడం, ఇవే. ఆ ఎన్నిక సంగతి ఎప్పుడూ రాసుకోలేదు.

ఎన్నిక జరిగిన మూడేళ్ళకు ఒక ట్రైనింగు క్లాసుకని కడప వెళ్ళి, అక్కడినుంచి ఒక రోజు సెలవు పెట్టి రాయచోటి పోయాను. ఆమె ఆడపిల్లల బడి పక్కనే ఒక చిన్న ఇంట్లో ఉంటోంది. తోడుగా వాళ్ళ మేనత్త ఉంది. సంగటి, వంకాయ పులుసు చేసి పెట్టింది. అన్నం తిన్నాక చాపమీద కూర్చుని వక్కలు కత్తిరిస్తూ, నేను అడక్కుండానే ఆత్మకూరు అమ్మాయి ఆ ఎన్నిక మాట ఎత్తింది.

"అప్పుడు నేను గెలిచినా కర్నూలు పోయేదాన్ని కాదే. మా నాయన ముందే జాబు రాసినాడు. ఆడపిల్ల వేదికెక్కేది వద్దు, ఆత్మకూరులో నలుగురు నాలుగు మాట్లంటారు అని. ఆ జాబు ఎన్నిక ముందు రోజే వచ్చింది. నా పెట్టెలోనే ఉన్నింది."

"మరి ఎందుకు నిలబడ్డావు?"

"ఆదోని అక్క నిలబెట్టె కదా. గెలవనులే అనుకుంటి."

"నాకు చెప్పవచ్చు కదా. మూడేండ్లుగా నేను..."

"నువ్వు అంత పట్టించుకున్నావని నాకు తెలీదు."

ఆమె ముఖంలోకి చూశాను. ఆదోని అక్క ఆరోజు చీటీల దగ్గర సరిగ్గా ఇట్లాంటిదే ఊహించింది. అది నిజంగా ఊహా, లేక అక్కకు ముందే తెలుసా? లేక నా ముఖం చూసి ఈమె ఇప్పుడు ఈ జాబు కథ అల్లుతోందా? ఆ శనివారం ఆమె పేరు గురించి అడిగినప్పటి గొంతు నాకింకా చెవిలో ఉంది. పోవాలని లేని మనిషి గొంతు కాదు అది.

"నన్ను ఊరడించేకి చెప్తాండావా?" అన్నాను.

"ఊరడించేకి నువ్వేమన్నా పసిపిల్లవా?" అంది. ఆకులో సున్నం రాసి నా చేతికిచ్చింది. "వేసుకో. బస్సుకు టైమైతాంది."

జాబు చూపించమని అడగాలనిపించింది. అడగలేదు. చూపిస్తే ఏం చెయ్యాలో, చూపించలేకపోతే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. ఇద్దరం బస్టాండుకు నడిచాం. దారిలో ఆమె బడిలో చేరిన పిల్లల గురించి చెబుతూనే ఉంది. గొర్రెలు కాసే ఇంటినుంచి వచ్చిన పిల్ల ఒకతె లెక్కల్లో ఎంత చురుకో, ఇద్దరు అక్కచెల్లెళ్ళను బడి మానకుండా ఎట్లా ఆపిందో చెప్పింది. బస్సు కదిలేటప్పుడు, కిటికీ ఊచలు పట్టుకుని, ఈసారి ఊరిబిండి తెమ్మంది.